హంపి, అంజనాద్రి ఒక్క రోజులో: గైడ్‌తో ఎలా తిరగాలి, ఎక్కడ ఎంతసేపు ఆగాలి

హంపి వెళ్లొచ్చిన వాళ్లలో చాలామంది చెప్పే మాట ఒకటే: "రాళ్లు తప్ప ఏముంది అక్కడ, ఎండకి చచ్చాం." తప్పు హంపిది కాదు, ప్లాన్‌ది. పొద్దున పదింటికి తీరిగ్గా విరూపాక్షుడి గుడి దగ్గర దిగి, మధ్యాహ్నం గుడి మూసేస్తున్నారని తోసుకుంటూ దర్శనం చేసుకుని, మిట్ట మధ్యాహ్నం మహానవమి దిబ్బ ఎక్కి, ఓపికంతా అయిపోయాక సాయంత్రం అంజనాద్రి మెట్ల కింద నిలబడి పైకి చూస్తే ఎవరికైనా నీరసమే వస్తుంది. మొదటిసారి వెళ్లినప్పుడు నేను చేసింది సరిగ్గా ఇదే. మెట్ల దగ్గర నుంచే దణ్ణం పెట్టుకుని వెనక్కి వచ్చేశాం, ఆ బాధ తర్వాతి ట్రిప్ దాకా పోలేదు.

అందుకే అందరూ మొదలుపెట్టే చోట ముగించమంటాను. పొద్దున్నే తుంగభద్రకి అవతలి ఒడ్డున, హనుమంతుడు పుట్టాడని చెప్పే అంజనాద్రి కొండ, ఆ తర్వాత శిథిలాలు, చివర్లో విరూపాక్షుడు. ఇలా వెళ్తే మెట్లు చల్లపూట ఎక్కేస్తారు, గుడి మూసి ఉండే మధ్యాహ్నం టైమ్ మీకు అడ్డం రాదు, వెళ్లిన దారినే మళ్లీ రావాల్సిన పని కూడా ఉండదు.

ఎప్పుడు, ఎలా వెళ్లాలి

నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో వెళ్లండి. ఏప్రిల్, మే నెలల్లో ఆ బండలు పగలంతా ఎండ తాగి సాయంత్రం దాకా వేడి కక్కుతూనే ఉంటాయి, పిల్లలతోనో పెద్దవాళ్లతోనో అయితే ఆ ఆలోచనే వద్దు. వానాకాలం పచ్చగా బాగుంటుంది కానీ తుంగభద్ర డ్యామ్ గేట్లు ఎత్తితే నది దాటే పడవలూ పుట్టీలూ ఆపేస్తారు, ఒడ్డున ఉన్న పురందరదాసు మండపం నీళ్లలో మునిగిపోతుంది. (అనంతపురం జిల్లాకి ఎగువ కాలువలో వచ్చే నీళ్లు ఈ డ్యామ్‌వే, టైమ్ ఉంటే అదీ చూడొచ్చు, ఒక్క రోజు ట్రిప్‌లో మాత్రం కుదరదు.)

దిగాల్సింది హోస్పేటలో. అక్కడి నుంచి హంపి 13 కిలోమీటర్లు. గుంటూరు, నంద్యాల వైపు నుంచి అమరావతి ఎక్స్‌ప్రెస్ హోస్పేట మీదుగానే హుబ్బళ్ళి పోతుంది. మిగతావాళ్లు గుంతకల్లు చేరుకుంటే అక్కడి నుంచి బళ్ళారి మీదుగా రైళ్లు దొరుకుతాయి. వీలైతే ముందు రోజు రాత్రికే చేరుకుని హోస్పేటలో రూమ్ తీసుకోండి. రాత్రంతా ప్రయాణం చేసి దిగీ దిగగానే 575 మెట్లు ఎక్కడం నలభై దాటిన మోకాళ్లకి అంత మంచిది కాదు, అనుభవంతో చెప్తున్నా.

బండి మాట్లాడుకోవడం

హోస్పేట నుంచి హంపికి ఆర్టీసీ బస్సులు బాగానే తిరుగుతాయి. కానీ నేను చెప్పే రూట్‌కి అవి సరిపోవు, రోజంతటికీ ఆటోనో కారో కావాలి. ఇక్కడ ఒక చిక్కుంది. "హంపి అంతా చూపిస్తా సార్" అని ఆటో అతను ఒప్పుకునే రేటు మామూలుగా నదికి ఇవతలి ఒడ్డుకి మాత్రమే, అంజనాద్రి అనగానే లెక్క మారిపోతుంది. కాబట్టి ఊర్ల పేర్లు చెప్పి మరీ మాట్లాడండి: హోస్పేట నుంచి సాణాపురం మీదుగా అంజనాద్రి, ఆనెగొంది, బుక్కసాగర వంతెన దాటి విఠలాలయం, కమలాపురం, చివరికి హంపి బజారు, రాత్రికి తిరిగి హోస్పేట. వెయిటింగ్ కలిపేనా, పార్కింగ్ ఎవరిది అన్నది కూడా అప్పుడే తేల్చుకుంటే సాయంత్రం గొడవ ఉండదు. భాషకి ఇబ్బంది లేదు, ఈ చుట్టుపక్కల తెలుగు అర్థమయ్యేవాళ్లు చాలామందే ఉంటారు.

సంచిలో ఏం ఉండాలంటే: మనిషికి రెండు లీటర్ల నీళ్లు, టోపీ, కొంచెం చిల్లర డబ్బులు, ఒక జత మందపాటి సాక్సులు. సాక్సులు ఎందుకంటే గుళ్లలో చెప్పులు విప్పాక ఆ రాతి నేల మీద కాళ్లు కాలతాయి. షార్ట్స్‌తో గుడికి పోవద్దు, పంచో చుడీదారో మామూలు ప్యాంటో ఏదైనా పర్లేదు. అరటిపళ్లు, కొబ్బరికాయ ఉన్న ప్లాస్టిక్ కవర్ మాత్రం చేతిలో ఊపుకుంటూ నడవకండి, అంజనాద్రి కోతులకి కవర్ చప్పుడు వినిపిస్తే చాలు.

తెల్లవారుజామున: అంజనాద్రి

ఐదింటికల్లా హోస్పేటలో బయలుదేరండి. దారిలో హులిగెమ్మ గుడి ఉన్న హులిగి వస్తుంది, రాయలసీమ నుంచి మొక్కులకి వచ్చేవాళ్లు చాలామంది ఉంటారు, మంగళ శుక్రవారాల్లో అక్కడ రద్దీ కాబట్టి ఆ రోజుల్లో ఇంకాస్త ముందే కదలండి. తర్వాత డ్యామ్ వెనకబడి, వరిపొలాలూ అరటి తోటలూ వాటి మధ్య గుట్టలుగా పేర్చినట్టున్న బండరాళ్లూ మొదలవుతాయి. రామాయణంలో కిష్కింధ ఇదేనని ఇక్కడి నమ్మకం. ఋష్యమూకం, మతంగ పర్వతం, మాల్యవంతం అన్నీ ఈ చుట్టుపక్కలే చూపిస్తారు, శబరి కథ చెప్పే పంపా సరోవరం కూడా అంజనాద్రికి దగ్గర్లోనే ఉంది.

మెట్లు 575. తెల్లగా సున్నం కొట్టి ఉంటాయి, కింద నుంచి చూస్తే కొండకి గీత గీసినట్టు కనిపిస్తాయి. ఆగుతూ ఎక్కితే మామూలు మనిషికి అరగంట, ముప్పావు గంట. పైన చిన్న గుడి, ఆంజనేయస్వామి దర్శనం ఎక్కువసేపు పట్టదు. అసలు ఆగాల్సింది గుడి వెనక బండల మీద. తుంగభద్ర వంపు తిరగడం, అవతల విరూపాక్ష గోపురం, ఈ రోజంతా మీరు తిరగబోయే చోట్లన్నీ ఒక్కసారే కనిపిస్తాయి. పిల్లలుంటే అక్కడే కూర్చోబెట్టి ఏది ఎక్కడుందో చూపించండి.

హనుమంతుడు పుట్టింది ఇక్కడా, తిరుమల అంజనాద్రిలోనా అన్న వాదన మీకు తెలిసే ఉంటుంది. 2021లో టీటీడీ తిరుమలే అని ప్రకటించాక ఇక్కడివాళ్లు గట్టిగానే అభ్యంతరం చెప్పారు. కొండ మీద ఆ టాపిక్ ఎత్తకండి, దర్శనం చేసుకుని రండి.

ఈ కొండకి గైడ్ అక్కర్లేదు, ఆ డబ్బులు తర్వాతికి దాచుకోండి. దిగాక టిఫిన్‌కి ఉగ్గాని బజ్జీ తినండి. ఇక్కడ దాన్ని ఒగ్గరణె అంటారు, పక్కన మిరపకాయ బజ్జీ. కర్నూలు, అనంతపురం వాళ్లకి సొంతూరికి వచ్చినట్టే ఉంటుంది.

మధ్వ సంప్రదాయం వాళ్లయితే ఆనెగొందిలో నవబృందావనం వదలరు. నది మధ్య లంకలో తొమ్మిదిమంది యతుల బృందావనాలు, అంటే సమాధులు, పడవలో వెళ్లాలి. అది పెట్టుకుంటే ఈ ప్లాన్‌లో ఏదో ఒకటి తీసేయాలి, నేనైతే కమలాపురం మ్యూజియం తీసేస్తాను.

గైడ్‌ని ఎలా ఎంచుకోవాలి

తొమ్మిది గంటలకి విఠలాలయం పార్కింగ్ దగ్గర, అంటే గెజ్జల మండపం దగ్గర, గైడ్ మీకు కలిసేలా ముందు రోజే ఫోన్‌లో మాట్లాడుకుంటే మంచిది. మీరు దిగిన లాడ్జిలో అడిగినా చెప్తారు. కర్ణాటక పర్యాటక శాఖ గుర్తింపు కార్డు ఉన్నవాళ్లనే తీసుకోండి, కార్డు చూపించమని అడగడానికి మొహమాటం వద్దు, అసలైన గైడ్ అడగకముందే మెడలో వేసుకుని వస్తాడు. తెలుగులో చెప్తారా అన్నది ఫోన్‌లోనే రెండు నిమిషాలు మాట్లాడితే తెలిసిపోతుంది.

రేటు కంటే ముందు రెండు విషయాలు తేల్చుకోండి. ఒకటి, విఠలాలయం నుంచి విరూపాక్షుడి గుడి పక్కనున్న హేమకూటం కొండ దాకా సాయంత్రం ఐదు వరకు మాతో ఉంటారా, లేక రెండు గంటల్లో ఇంకో పార్టీ ఉందా. రెండు, షాపులకి తీసుకెళ్లకూడదు. నాకు మొదటిసారి దొరికిన గైడ్ హజార రామాలయాన్ని పది నిమిషాల్లో ముగించి, బొమ్మల కొట్లో మాత్రం ముప్పావుగంట కూర్చోబెట్టాడు. కథలు బాగా చెప్పాడు పాపం, కానీ అన్నీ రాణుల స్నానాలూ వజ్రాల అంగళ్లూ తప్ప వేరే లేవు.

ఇక మీ వైపు నుంచి గైడ్‌కి చేయాల్సిన మర్యాద ఏంటంటే, అతను చెప్తుండగా ఫొటోలకి చెదిరిపోకుండా ఉండటం. ముందు పది నిమిషాలు విని, తర్వాత పది నిమిషాలు మేం తిరుగుతాం అని చెప్పేయండి, ఇద్దరికీ హాయి.

విఠలాలయం

పార్కింగ్ నుంచి గుడి దాకా సుమారు కిలోమీటరు, బ్యాటరీ బండ్లు నడుస్తాయి. వెళ్లేటప్పుడు నడవండి, వచ్చేటప్పుడు బండి ఎక్కండి. ఆ దారి పొడవునా పాత అంగడి వీధి మండపాలూ, గుర్రపు బొమ్మలు చెక్కిన స్తంభాలున్న కుదురెగొంబె మండపమూ, పుష్కరిణీ ఉంటాయి, బండి ఎక్కినవాళ్లు ఇవేవీ చూడరు.

టిక్కెట్ మనకి 40 రూపాయలు, పదిహేనేళ్ల లోపు పిల్లలకి ఉచితం. ఇదే టిక్కెట్ అదే రోజు కమల మహల్ ఉన్న జనానాకీ (రాణివాసం అని చెప్పే ఆవరణ), కమలాపురం మ్యూజియానికీ చెల్లుతుంది. పారేయకండి. నేను పారేసి రెండోసారి కొన్నాను.

రాతి రథం అంటే అందరికీ తెలుసు, 50 రూపాయల నోటు వెనక ఉన్నది అదే. జేబులోంచి నోటు తీసి పక్కన పెట్టి ఫొటో తీసుకోవడం అయ్యాక నిదానంగా చూడండి. ఇది ఏకశిల కాదు, రాళ్లు అతికి కట్టిన గరుత్మంతుడి గుడి. అతుకులు కనిపించనంత సన్నగా ఉంటాయి. ముందున్న ఏనుగులు తర్వాత తెచ్చి పెట్టినవి, వాటి వెనక అంతకుముందున్న గుర్రాల కాళ్ల ఆనవాళ్లు ఇప్పటికీ ఉన్నాయి, గైడ్‌ని చూపించమనండి. 1856లో తీసిన ఫొటోల్లో ఈ రథం మీద ఇటుక శిఖరం కూడా ఉంది, ఇప్పుడు లేదు.

సరిగమల స్తంభాలు 56 అంటారు. వాటిని కొట్టి వినిపించమని గైడ్‌ని బతిమాలకండి. చేతులు పడీ పడీ అవి పాడవుతున్నాయనే ఆ మండపంలోకి వెళ్లనివ్వడం ఆపేశారు. "సార్ మీ కోసం ఒక్కసారి" అని ఎవరైనా అంటే ఆ గైడ్ గురించి మీకు తెలియాల్సింది తెలిసినట్టే.

రాజప్రాంగణం: ఇక్కడే గైడ్ డబ్బులు గిట్టుబాటయ్యేది

పదిన్నరకల్లా ఇక్కడ ఉండాలి, ఎందుకంటే నీడ లేదు. ముందు మహానవమి దిబ్బ, పుష్కరిణి చూసేసి, తర్వాత హజార రామాలయం, చివర్లో చెట్లున్న జనానా. ఈ వరస మార్చకండి.

అందరికీ ఇక్కడే వచ్చే ప్రశ్న: గుళ్లు ఇంత బాగా నిలబడితే రాజుల మేడలు ఏమైపోయాయి? మేడలకి పునాదులు మాత్రమే రాయి, పైదంతా కలప. 1565 జనవరిలో తళ్ళికోట యుద్ధంలో అళియ రామరాయలు చనిపోయాక, తమ్ముడు తిరుమలరాయలు ఖజానాతో పెనుకొండకి వెళ్లిపోయాడు, నగరం సుల్తానుల సేనల చేతిలో పడింది. నెలల తరబడి దోచి తగలబెడితే కలప కాలిపోయింది, రాయి మిగిలింది. నూరు స్తంభాల సభామండపం అని చూపించే చోట నేల మీద స్తంభాలు నిలిపిన గుర్తులే వరసగా కనిపిస్తాయి. "భువన విజయం ఎక్కడ, పెద్దన ఎక్కడ కూర్చునేవాడు" అని తెలుగువాళ్లు అందరూ అడుగుతారట, గైడ్లకి అలవాటైపోయింది. ఇదీ అని చూపించగలిగే కట్టడం ఏదీ నిలబడి లేదు. నాకైతే ఆ ఖాళీ గుంతల వరస దగ్గరే ఎక్కువసేపు నిలబడాలనిపించింది.

మహానవమి దిబ్బ ఎక్కే ముందు చుట్టూ తిరగండి. కింద వరసల్లో ఏనుగులు, వేట, నాట్యం, విదేశాల నుంచి వచ్చిన గుర్రాల వర్తకులు. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ ఇక్కడి నవరాత్రి ఉత్సవాల గురించి వివరంగా రాశాడు, ఊరు రోమ్ అంత పెద్దదిగా ఉందన్నాడు. గైడ్‌ని ఆ ఉత్సవం గురించి చెప్పమనండి, రాజు ఎక్కడ కూర్చునేవాడు, ఊరేగింపు ఎటు నుంచి వచ్చేది. దిబ్బ పైకి ఎక్కి అది వింటే ఖాళీ మైదానం నిండినట్టు అనిపిస్తుంది.

పక్కనే మెట్ల పుష్కరిణి. 1980ల తవ్వకాల్లో బయటపడింది. నల్లరాతి మెట్లు లెక్క తప్పకుండా, గీత గీసినట్టు దిగుతాయి. వంగి చూస్తే ఒక్కో రాయి మీద అక్షరాలూ గుర్తులూ కనిపిస్తాయి. వేరే చోట చెక్కి, ఏ రాయి ఎక్కడ పెట్టాలో రాసుకుని, తెచ్చి అమర్చారన్నమాట. మా అబ్బాయి దీన్ని చూసి "విడి భాగాలుగా కొన్న మంచం బిగించినట్టు" అన్నాడు, అంతకంటే బాగా నేను చెప్పలేను. నీళ్లు తెచ్చిన రాతి కాలువ కూడా పక్కనే ఉంది.

హజార రామాలయానికి అరగంట తక్కువ కాకుండా ఇవ్వండి. బయటి ప్రహరీ మీద కింద ఏనుగులు, ఆ పైన గుర్రాలు, సైనికులు, నాట్యగత్తెలు వరసలుగా నడుస్తుంటారు, లోపల గుడి గోడల మీద రామాయణం బొమ్మల కథగా సాగుతుంది. ఇక్కడ గైడ్‌ని చెప్పనివ్వకుండా ముందు పిల్లల్ని చెప్పమనండి, పుత్రకామేష్టి ఎక్కడ మొదలైంది, మాయలేడి ఏది, హనుమంతుడు రావణుడి ఎదుట తోక చుట్టి కూర్చున్నది ఎక్కడ అని. పొద్దున అంజనాద్రి ఎక్కి వచ్చారు కదా, వాళ్లకి ఆట అవుతుంది. మా పిల్లలు తప్పు చెప్పిన రెండు చోట్లా గైడ్ నవ్వి సరిచేశాడు, ఆ రెండే వాళ్లకి ఇప్పటికీ గుర్తున్నాయి. లోపలి నాలుగు నల్లరాతి స్తంభాల నునుపు కూడా చూడండి.

జనానాలో కమల మహల్, ఏనుగుల సాల. ఏనుగుల సాలలో పదకొండు గదులు, గుమ్మటాలన్నీ ఒకేలా ఉండవు. కమల మహల్ అందంగా ఉంటుంది, రాణులు ఇక్కడే ఉండేవారన్నదానికి మాత్రం ఆధారం తక్కువ, కథగా వినండి. చెట్ల కింద ఓ పావుగంట కూలబడండి.

మధ్యాహ్నం

కమలాపురంలో భోజనం. చిన్న హోటళ్లే, జొన్నరొట్టె దొరికితే అదే తినండి. తర్వాత ఎండ తగ్గేదాకా పురావస్తు మ్యూజియం, నీడకి నీడ, అక్కడ ఊరు మొత్తానికి నమూనా కట్టి ఉంది కాబట్టి పొద్దుట్నుంచీ తిరిగిన చోట్లు ఒకదానికొకటి ఎలా అతుకుతాయో అర్థమవుతుంది. శుక్రవారం సెలవు. ఆ రోజు వెళ్తే హాయిగా ఇంకో గంట కునుకు తీయండి. రాణివాసపు స్నానశాల దారిలోనే ఉంటుంది, పది నిమిషాలు చాలు.

మూడున్నర తర్వాత: నరసింహుడి నుంచి విరూపాక్షుడి దాకా

ముందు ఉగ్ర నరసింహుడు. 6.7 మీటర్ల ఏకశిల, 1528లో కృష్ణదేవరాయలు ప్రతిష్ఠించాడు. నిజానికి ఇది లక్ష్మీనరసింహ విగ్రహం, ఒళ్లో అమ్మవారిని పగలగొట్టారు. స్వామి వీపు చుట్టూ వేసిన ఆమె చెయ్యి మాత్రం ఇంకా అలాగే ఉంది, వెనక వైపు నుంచి చూస్తే కనిపిస్తుంది. ఉగ్రంగా ఉన్నాడని ముందు నుంచి ఫొటో తీసుకుని వెళ్లిపోయేవాళ్లకి ఈ సంగతి తెలియదు. పక్కనే బడవిలింగం, పీఠం ఎప్పుడూ నీళ్లలోనే ఉంటుంది.

తర్వాత కృష్ణాలయం. గజపతుల నుంచి మన నెల్లూరు జిల్లా ఉదయగిరి కోట గెలిచినప్పుడు రాయలు అక్కడి నుంచి బాలకృష్ణ విగ్రహం తెచ్చి దీన్ని కట్టించాడు. ఇప్పుడు గర్భగుడి ఖాళీ, ఆ విగ్రహం చెన్నై మ్యూజియంలో ఉంది. ఎదురుగా ఉన్న కోనేరు దాకా దిగి రండి.

అక్కడి నుంచి హేమకూటం ఎక్కుతూ ఇద్దరు వినాయకులు. కడలెకాళు గణేశుడు, అంటే శనగగింజ వినాయకుడు, నాలుగున్నర మీటర్ల పైమాటే. ఆవగింజ పేరున్న సాసివెకాళు గణేశుడు దాదాపు అందులో సగం. ఈ ఆవగింజ వినాయకుణ్ణి 1506లో పెట్టించింది రాజు కాదు, మన చంద్రగిరి నుంచి వచ్చిన ఒక వర్తకుడు. వెనక్కి వెళ్లి చూడండి, వెనక వైపు స్త్రీమూర్తి చెక్కి ఉంది. వినాయకుడు తల్లి ఒళ్లో కూర్చున్నాడని అర్థం చెప్తారు.

ఇక్కడితో గైడ్ పని అయిపోయింది. డబ్బులిచ్చి, బాగా చెప్పి ఉంటే ఇంకొంచెం చేతిలో పెట్టి పంపించేయండి. దేవుడి దగ్గరికి మీరే వెళ్లండి.

కొండ దిగితే విరూపాక్షుడి గుడి. మధ్యాహ్నం మూసిన తలుపులు ఐదు ప్రాంతంలో తీస్తారు. విజయనగరం పుట్టకముందు నుంచీ ఉన్న గుడి ఇది, చుట్టూ నగరమంతా కూలిపోయినా పూజ ఇంకా నడుస్తూనే ఉంది. రంగమండపం 1510లో రాయలు తన పట్టాభిషేకం గుర్తుగా కట్టించింది, తల ఎత్తి చూస్తే పైకప్పు నిండా రంగు బొమ్మలు: విద్యారణ్యస్వామి పల్లకి, గిరిజా కల్యాణం, అర్జునుడి మత్స్యయంత్రం. స్వామి దర్శనం అయ్యాక పంపాదేవి, భువనేశ్వరి అమ్మవార్లని కూడా చూసుకోండి. చీకటి పడేలోపే లోపలి చీకటి గదిలో గోపురం నీడ చూడాలి. గోడకున్న చిన్న కన్నంలోంచి వెలుగు వచ్చి బయటి గోపురం తలకిందులుగా ఎదుటి గోడ మీద పడుతుంది, పిన్‌హోల్ కెమెరా పనిచేసేది ఇలాగే. వెలుతురు తగ్గితే కనిపించదు కాబట్టి గుళ్లోకి వెళ్లగానే ముందు అదే అడగండి. గుడి ఏనుగు లక్ష్మి ఎదురైతే చిల్లర నాణెం రెడీగా పెట్టుకోండి, దీవెన తల మీదే.

దర్శనం అయ్యాక మళ్లీ హేమకూటం ఎక్కండి, ఐదు నిమిషాల ఎత్తు. సూర్యాస్తమయానికి మతంగ పర్వతం ఎక్కమని చాలామంది చెప్తారు, పొద్దున 575 మెట్లు ఎక్కిన కాళ్లతో వద్దు, చీకట్లో దిగడం అసలు వద్దు. ఇక్కడ బండ మీద కూర్చుంటే కింద గుడి గంటలు వినిపిస్తాయి, ఎదురుగా గోపురం, నదికి అవతల పొద్దున మీరు ఎక్కిన కొండ తెల్లటి మెట్ల గీత మసకబారేదాకా కనిపిస్తూనే ఉంటుంది. ఆటో అతనికి ఏడింటికి హంపి బజారు చివర ఉండమని చెప్పండి, ఆలస్యమైతే ఫోన్ చేయండి, రాత్రి భోజనం మాత్రం హోస్పేట చేరాకే పెట్టుకోండి.